విమానమెక్కిన తాళంచెవి

పెద్ద విమానాలకు తాళంచెవి ఉండదట. ఈ సంగతి నాకు పైలట్లే చెప్పారు. నా వ్యానుకు మాత్రం ఉండేది, ఎర్రదారంతో కట్టిన సముద్రపు గవ్వతో సహా. ఆ తాళంచెవి ఒకరోజు విమానమెక్కి విజయవాడలో దిగి, అక్కణ్ణుంచి హైదరాబాదు కూడా చూసి, తిన్నగా నా దగ్గరకు తిరిగొచ్చింది. దాన్ని జేబులో మోసినవాణ్ణి, నేను మాత్రం ఇంతవరకూ విమానమెక్కలేదు.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలకు పనికొస్తుందేమోనని ఆ రోజు సంగతి రాస్తున్నాను. పనికి రాకపోతే నవ్వుకోండి. నవ్వు కూడా రాకపోతే పేజీ తిప్పేయండి, నేనేమీ వచ్చి చూడను.

మాది యారాడ. చేపలు పట్టే ఇల్లు. బడి కొండకు అవతల ఉండేది, నేను ఇవతల ఉండేవాణ్ణి. ఆరో తరగతి దాకా ఎలాగో సర్దుకున్నాం, ఆ తర్వాత కొండే గెలిచింది. పోనీ సముద్రానికి పనికొస్తానా అంటే, పడవ ఎక్కితే చాలు కక్కుకునేవాణ్ణి. "జాలరోడి ఇంట్లో లారీవోడు పుట్టినాడ్రా" అని మా నాన్న తిట్టాడు. తిట్టినవాడే తీసుకెళ్ళి పోర్టులో బొగ్గులారీ మీద క్లీనరుగా పెట్టాడు. ఆ లారీ మీద తోలడం నేర్చుకుని, టాక్సీకి మారి, తల నెరిశాక పైలట్ల వ్యానుకొచ్చాను.

మన ఊరి నుంచి దగ్గరి ఊళ్ళకు పంకాల విమానాలు నడిపే చిన్న కంపెనీ ఒకటుండేది. దాని పైలట్లను ఇళ్ళ నుంచి ఎయిర్‌పోర్టుకు, ఎయిర్‌పోర్టు నుంచి ఇళ్ళకు చేర్చే కాంట్రాక్టు మా యజమానిది. వ్యాను ఒకటి, డ్రైవర్లం ఇద్దరం. రెండోవాడి తండ్రి గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికొచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఇన్నేళ్ళు మన ఊళ్ళో ఉన్నా వాడి నోట్లోంచి "ఆయ్" పోలేదు. నేను వాణ్ణి బావా అంటాను, వాడు నన్ను "అండి" అంటాడు. ఒకే జీతం, ఒకే బండి, మర్యాద మాత్రం వాడిది.

పైలట్ల ఉద్యోగంలో నాకు బాగా నచ్చింది, అసలు అర్థం కానిది కూడా, స్టాండ్‌బై. అంటే ఆ రోజు ఆ పైలట్‌కు విమానం ఉండదు. ఇంట్లో కూర్చోవాలి. ఎవరికైనా జ్వరమొచ్చినా, వానకు విమానాలు అటూ ఇటూ అయినా ఫోన్ మోగుతుంది. మోగితే ఎత్తాలి, చెప్పిన గడువులోగా ఎయిర్‌పోర్టులో ఉండాలి. మోగకపోతే రోజంతా కూర్చోవడమే. ఆ కూర్చున్నది కూడా ఉద్యోగం కిందే లెక్క. పైగా పని చేసే గంటలకు ఒక హద్దు, ఆ తర్వాత తప్పనిసరిగా విశ్రాంతి. హద్దు దాటితే కంపెనీ యజమాని వచ్చి కాళ్ళు పట్టుకున్నా విమానం కదపకూడదు.

"బావా, పడుకుంటే జీతవిచ్చే ఉద్యోగం ఈ బూమ్మీద ఉందని ముందే తెలిస్తే నాను ఏడో తరగతి కూడా సదివీవోణ్ణి" అనేవాణ్ణి.

"ఆయ్, మీరు ఆరో తరగతిలోనే పడుకున్నారు కదండీ, అప్పుడివ్వలేదేమో" అనేవాడు మావాడు.

వాళ్ళలో ఒక పెద్ద కెప్టెన్ ఉండేవాడు. మాట్లాడితే డబ్బులు ఖర్చవుతాయన్నట్టు ఉండేవాడు. ఒకసారి వాన వల్ల విమానం నేలమీదే ఆగిపోయి, వాన తగ్గేసరికి ఆయన పనిగంటల హద్దు దగ్గరపడింది. నిండా జనమున్న విమానం దిగి వచ్చేశాడు. లోపల జనం తిట్టిన తిట్లు గేటు బయట ఉన్న నాకు కూడా వినిపించాయి. కెప్టెన్ వచ్చి బండెక్కాడు, కంచరపాలెం వచ్చాం. అక్కడ సిగ్నల్ దగ్గర నెమ్మదిగా అన్నాడు: "తిట్టనీ. ఇవాళ తిట్టినవాళ్ళు రేపు కూడా తిట్టగలగాలి కదా."

ఆ మాటను నేను వారం రోజులపాటు అందరి దగ్గరా గొంతు మార్చి చెప్పి నవ్వించాను. నవ్వించడం మీద ఉన్న శ్రద్ధ వినడం మీద ఉండేది కాదు నాకు.

ఇక అసలు మనిషి. స్టీలుప్లాంటు క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన అమ్మాయి. తల్లిదండ్రులది కృష్ణా జిల్లా. కంపెనీలో కో-పైలట్. మద్దిలపాలెంలో స్నేహితురాళ్ళతో కలిసి అద్దెకుండేది. మేమిద్దరం చాటుగా ఆమెకు 'రూల్ మేడమ్' అని పేరు పెట్టుకున్నాం. స్టాండ్‌బై రోజున సినిమాకు పోదు, గుడికి పోదు, తలకు నూనె కూడా రాయదు. ఒకసారి అలాంటి రోజే వాళ్ళమ్మ కారియర్ తెచ్చిందట. యూనిఫాం వేసుకుని, పులుసు మరకలు పడకుండా మెడకు తువ్వాలు చుట్టుకుని తింటోందని వాళ్ళమ్మే నాకు చెప్పి తల పట్టుకుంది. "పెళ్ళిచూపులకి కూడా ఇంత తయారవలేదు నాయనా ఇది" అంది. ఆ ఏడాది ఆమెకు కెప్టెన్ పరీక్ష ఉంది. దానికి ముందు చిన్న ఆలస్యం కూడా తన ఖాతాలో పడకూడదని ఆమె భయం.

ఆ వారం అల్పపీడనం. విమానాలు చెప్పిన వేళకు రాలేదు, చెప్పని వేళకు వచ్చాయి. మా వ్యాను కూడా అంతే.

మా గోదావరి బావ సబ్బవరంలో కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుంటున్నాడు. ఇంటికి స్లాబు వేసే రోజంటే మీకు తెలుసు కదా, అది పెళ్ళికి తక్కువ, పండగకి ఎక్కువ. మిక్సర్‌కు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాలి, పనివాళ్ళందరికీ యజమాని దగ్గరుండి కోడికూరతో భోజనం పెట్టాలి. వాన వల్ల ముహూర్తం రెండుసార్లు తప్పిపోయింది. చివరికి ఒక ఉదయం తెరిపిచ్చింది. మేస్త్రీ ఫోన్ చేసి, ఇవాళ వేయకపోతే తను వేరే ఊరి పనికి పోతానన్నాడు. అప్పటికి నేను ముందురోజు పొద్దున ఎక్కిన సీటు ఇంకా దిగలేదు. ఇక ఎక్కాల్సిన వంతు వాడిది.

వాడు నా మొహం చూసి, "వద్దులెండి, స్లాబు మా ఆవిడ చూసుకుంటాది. మీ కళ్ళు చూడండి ఎలా ఉన్నాయో" అన్నాడు.

"నా కళ్ళు పుట్టినకాడ్నుంచీ అంతే. నువ్వెల్లి స్లాబేయించుకో బావా. కూర మాత్రం నాకు దాసి ఉంచు."

యజమానికి ఫోన్ చేసి చెప్పాను. "రెండు ట్రిప్పులే గదా, లాగించీ" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనా ఒకప్పుడు డ్రైవరే. తను లాగించాడు కాబట్టి అందరూ లాగించగలరని ఆయన నమ్మకం. నా నమ్మకం కూడా అదే. ఈ నమ్మకం మా వృత్తిలో తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది, ఆస్తి రాకపోయినా.

పది దాటాక ఫోన్ మోగింది. విజయవాడ విమానానికి వెళ్ళాల్సిన కో-పైలట్‌కు జ్వరం. స్టాండ్‌బైలో ఉన్న రూల్ మేడమ్‌ను తీసుకురమ్మన్నారు. నేను మద్దిలపాలెం చేరేసరికి ఆమె అప్పటికే గేటు ముందు పెట్టెతో నిలబడి ఉంది.

నాకొక అలవాటుండేది. బండెక్కిన ప్రతి పైలట్‌కూ ఒక జోకు చెప్పడం. విమానంలో టోపీ పెట్టుకున్నాక వాళ్ళెలాగూ నవ్వరు, ఆ కోటా నా బండిలో పూర్తవుతుందని. ఆ రోజు చెప్పింది మా యారాడ కోడి కథ. మా ఊళ్ళో ఒకడికి తెల్లవారుజామున లేచి వేటకు పోవడానికి కోడిపుంజు కూతే గడియారం. ఆ కూతకు పెళ్ళానికి నిద్ర లేకుండా పోయింది. ఒకనాడు విసిగిపోయి దాన్ని కోసి కూర వండేసింది. వాడు లొట్టలేసుకుని తిన్నాడు. మర్నాడు ఎండ నడినెత్తికొచ్చాక లేచి, "నా పుంజేదే? రేపట్నుంచి నన్నెవులు లేపుతారే?" అని లబలబలాడాడు. "నీ కడుపులోనే ఉంది గదా," అంది పెళ్ళాం, "ఆకలేత్తే అదే కూత్తాది."

మేడమ్ నవ్వింది. మంచి నవ్వు. నాకు ఆ రోజు కూలి గిట్టింది.

గురుద్వారా దాటాం, తాటిచెట్లపాలెం దాటాం. ఎండ అద్దంలోంచి మొహం మీద పడుతోంది. వారం తర్వాత వచ్చిన ఎండ, వెచ్చగా అమ్మ చెయ్యిలా ఉంది. మాట ఆగితే కళ్ళు మూతలు పడేలా ఉన్నాయి కాబట్టి మాట ఆపకుండా చెబుతున్నాను. కంచరపాలెం దాటాక, "మేడమ్, మా యారాడలో ఒకడికి కోడిపుంజు..." అని అందుకున్నాను.

ఆమె వింటోంది. పుంజు కూసింది, పెళ్ళానికి విసుగొచ్చింది, కూర ఉడికింది. "మర్నాడు ఆడు లెగిసి..." అన్నాను. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలీదు. వెనక లారీ హారన్ ఒకటి గుర్తుంది. ఆమె గొంతు గుర్తుంది, అరుపు కాదు, గట్టిగా, మెట్టుమెట్టుగా: "బాబాయ్. బండి. ఎడమ పక్కకి. తియ్యండి. ఇప్పుడే."

తీశాను. ఎన్.ఏ.డి. జంక్షన్ ఇంకా రాలేదు. ఒక పంక్చరు షాపు ముందు ఆగాం.

"ఏటైంది మేడమ్? ఏటైనా మర్సిపోయారా?"

"మర్చిపోయింది మీరు. ఆ కోడిని మద్దిలపాలెంలోనే వండేశారు."

నిద్రపోయానని అప్పుడు అర్థమైంది. అయినా నోరు ఊరుకోదు కదా. "రెండోపాలి వడ్డించాను మేడమ్, మొహమాటపడకండి" అన్నాను.

"ఎప్పుడు పడుకున్నారు బాబాయ్?"

"నాను పడుకోడమేటి? పడుకోడం మీ ఉద్యోగం గదా."

ఆమె నవ్వలేదు. వాచీ చూసుకోలేదు కూడా. ఆలస్యమవుతోందని నాకంటే ఆమెకే ఎక్కువ తెలుసు. "నాకు కారు నడపడం రాదు. వచ్చుంటే మిమ్మల్ని వెనక పడుకోబెట్టి నేనే తీసుకెళ్ళేదాన్ని" అంది.

ఆ స్థితిలోనూ నాకు నవ్వాగలేదు. "ఇమానం తోల్తారు, ఇది తోల్లేరా?"

"గాల్లో ఎదురుగా గేదెలు రావు బాబాయ్. తాళం ఇవ్వండి."

"ఎందుకు?"

"నేను ఆటోలో వెళ్ళిపోతాను. నేను వెళ్ళాక మీరు మెల్లగా వెనకే వస్తారు. నాకు తెలుసు."

"నా మీద నమ్మకం లేదా మేడమ్?"

"మీ మీద ఉంది. మీ కళ్ళ మీద లేదు."

చెయ్యి చాపింది. ఇచ్చేశాను. ఎందుకిచ్చానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. బహుశా ఇందుకు: లారీ ఎంత దగ్గరగా వచ్చిందో చూసింది ఆమె, నేను కాదు.

అప్పుడు నాకు అసలు భయం పట్టుకుంది. "మేడమ్, ఆలస్యవైతే కారణం రాయాలి గదా మీరు. నా గురించి రాసీనారంటే నా పని ఎల్లిపోతాది. ఈ వయసులో నాకింకో బండి ఎవుడిత్తాడు?"

"రాయాలి బాబాయ్" అంది. అబద్ధం చెప్పి ఉంటే బాగుండుననిపించింది.

షేరాటో ఒకటి ఆగింది. లోపల చేపల బేసిన్లతో నలుగురు ఆడవాళ్ళు. యూనిఫాం చూడగానే, "ఓలమ్మో, పోలీసమ్మే! ఆ బేసిన్ ఇటు లాగే" అని ఒకామె అంది. ఇంకొకామె భుజం మీది చారలు చూసి, "పోలీసు కాదే, రైలు అమ్మ" అంది. మధ్యలో ఇరుక్కుని, ఒళ్ళో పెట్టెతో, పెట్టె మీద ఎవరిదో కొర్రమీనుల సంచితో మా రూల్ మేడమ్ వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్టులో స్టాఫ్ చేతికి తాళం ఇవ్వాలనే ఆమె ఉద్దేశం. ఆ తొందరలో చొక్కా జేబులో ఉన్న సంగతే మర్చిపోయింది. రూళ్ళన్నీ గుర్తున్న మనిషికి నా గవ్వ గుర్తులేకపోయింది.

పంక్చరు షాపతను హైదరాబాదు పాతబస్తీ మనిషి. ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఏమీ అడక్కుండా లారీ ట్యూబు ఒకటి నేలమీద పరిచి, దాని మీద గోనె వేసి, "సో జావ్ భాయ్. తిట్లు ఎట్లాగూ తింటవ్, నిద్దర లేసినాక తిందువు" అన్నాడు. ఒరిగాను. అంతే తెలుసు.

ఎవరో టైరు తంతున్న శబ్దానికి మెలకువ వచ్చింది. యజమాని. ఎండలో ఎర్రగా ఉన్నాడు.

"తాళవేదిరా?"

నేను పైకి చూపించాను.

"ఏటి, దేవుడి కాడా?"

"కాదు బాబూ. కాస్త కింద. ఈపాటికి ఏలూరు మీద ఉంటాది."

ఆయన నవ్వలేదు. ఆ రోజు నా జోకులకు ఎవరూ నవ్వలేదు, మొదటిదానికి తప్ప. విమానం ఆలస్యంగా బయల్దేరిందని కంపెనీ ఆఫీసు నుంచి ఆయనకు ఫోనొచ్చిందట. ఎందుకని అడిగితే, డ్రైవరును అడగమన్నారట.

రెండో తాళం మా గోదావరి బావ జేబులో, సబ్బవరంలో ఉంది. యజమాని ఫోన్ చేయగానే మోటార్‌సైకిలు మీద వచ్చేశాడు. లుంగీ పైకి కట్టి ఉంది, మోకాళ్ళ దాకా సిమెంటు ఎండిపోయి తెల్లగా ఉంది. కాళ్ళకు చెప్పుల్లేవు.

"స్లాబు మధ్యలో వదిలీసి వచ్చినావేటి బావా?" అన్నాను. అంత చీవాట్లలోనూ నన్ను అదే ఎక్కువ బాధించింది.

"మధ్యలో ఆగదండి. ఆగితే అతుకు పడిపోద్దట, రేపు వానొస్తే కారుద్దట. మేస్త్రీ ముందే ఎక్కువ మందిని తెచ్చాడు. కొంతమంది తట్టలు మోస్తుంటారు, కొంతమంది ఊరికే నీడన కూర్చుంటారు. మోసేవాడు తూలాడంటే వీడు లేచి తట్ట అందుకుంటాడండి. నాకది చూస్తే ఒళ్ళు మండింది, కూర్చున్నోళ్ళకి కూడా కూలీ ఇవ్వాలి కదాని." గోళ్ళతో మోకాలి మీది సిమెంటు గీరాడు. "తీరా చూస్తే నేనిక్కడికి రాగలిగింది ఆ కూర్చున్నోళ్ళ వల్లేనండి."

యజమాని ఇద్దర్నీ చూశాడు. "మీ మీటింగయ్యిందా? నువ్వు బండి తియ్యి. నువ్వు" అని నా వైపు తిరిగి, "రేపట్నుంచి రావద్దు. మేడమ్ రాసీసిందట. ఇంక నేనేటీ సెయ్యలేను."

పని పోయిన మనిషి ఇంటికి పోవాలి. నేను ఎయిర్‌పోర్టుకు పోయాను. ఆ గవ్వ మా నాన్న ఆఖరిసారి వేటకెళ్ళినప్పుడు వలలో వచ్చింది. ఉద్యోగం యజమానిది, తీసుకోనీ. గవ్వ నాది.

సాయంత్రం, విజయవాడ, హైదరాబాదు తిరిగొచ్చి ఆమె బయటికొచ్చింది, పక్కన ఆ విమానం నడిపిన పెద్ద కెప్టెన్. నన్ను చూడగానే చెయ్యి జేబు మీదకు పోయింది, మొహం పాలిపోయింది. "అయ్యో బాబాయ్! తాళం!"

"బాగా తిరిగొచ్చిందా మేడమ్? దానికి కిటికీ పక్క సీటిచ్చారా?" అన్నాను. మాట నవ్వుతూనే వచ్చింది, గొంతు మాత్రం కాదు. "రాసీసినారు గదా?"

"రాశాను."

"నా పేరేనా?"

"మీ పేరెందుకు రాస్తాను? ఈ బండికి మార్చే డ్రైవర్ లేడని రాశాను."

"అది మరీ బాగుంది. మా యజమాని మీదే రాసీసినారన్నమాట. అందుకే నన్ను తీసీసినాడు."

రూలు ప్రకారం సరిగ్గా చేసిన పని ఒకడి పొట్ట మీద పడుతుందని ఆమె అనుకోలేదు. అలా అనుకోవడం ఏ పరీక్షలోనూ ఉండదనుకుంటాను. గవ్వను అరచేతిలో పెట్టి ఇస్తూ, "మీరు నిద్రపోయింది పాతిక గజాలు బాబాయ్. నేను లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను" అని మాత్రం అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు ఆమె మీద కోపం పోలేదు, కానీ నిలబడటానికి దానికి చోటు లేకుండా పోయింది.

పెద్ద కెప్టెన్ అంతా విన్నాడు. ఎప్పటిలాగే ఖర్చు పెట్టకుండా ఒక్క మాటే అన్నాడు: "ఈ బండిని ఎవరు నడుపుతున్నారు రేపట్నుంచి?"

"మా బావొక్కడే" అన్నాను.

మర్నాడు మా బావ ఆయన ఇంటి ముందు వ్యాను ఆపాడు. ఆయన బయటికొచ్చి, "నీతో పేచీ లేదు" అని వాడి భుజం తట్టి, వీధి చివరకు నడిచి ఆటో ఎక్కాడు. ఆ తర్వాతి ట్రిప్పుకు మేడమ్ కూడా అంతే. మిగతావాళ్ళు కూడా అంతే. విమానం తోలేముందు ఏది సరిగ్గా లేకపోయినా ఎక్కనని చెప్పే హక్కు వాళ్ళకుంది. మార్చే డ్రైవరు లేని బండి ఎక్కేది లేదంటూ దాన్ని వ్యాను దాకా లాగారు. మా వ్యాను రోజూ కడుక్కుని, ఖాళీగా ఎయిర్‌పోర్టుకు పోయి, ఖాళీగా తిరిగొచ్చేది. భుజాల మీద చారలతో పైలట్లు షేరాటోల్లోంచి దిగుతుంటే జనం ఫోన్లలో ఫొటోలు తీశారు. చేపలమ్మే ఆడవాళ్ళకు మాత్రం వాళ్ళు అలవాటైపోయారు. "పెద్దాయనా, ముందుకి జరుగు" అనేవారట కెప్టెన్‌ను.

కంపెనీ ఆఫీసు వాళ్ళకు ఆ ఫొటోలు నచ్చలేదు. యజమానిని పిలిచారు.

ఆయన కొండ దాటి యారాడ వచ్చాడు. ఇంటి ముందు బోర్లించిన పడవ మీద కూర్చున్నాడు. మా ఆవిడ టీ ఇచ్చింది. టీ తాగినంతసేపూ సముద్రం వైపే చూశాడు.

"నాకా కాలంలో ఎవుడూ అడగలేదురా, పడుకున్నావా లేదా అని" అన్నాడు చివరికి.

"నాకూ ఎవులూ అడగలేదు బాబూ, మొన్నటిదాకా."

"మూడో డ్రైవర్ని పెట్టాను. ఇంకనించి రోజూ ఒకడు ఇంటికాడే ఉండాల, మీ పైలట్లకి మల్లే. రేపు నీ వంతు. పడుకో." లేచి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు. "జీతవిత్తాన్లే" అన్నాడు, ఏదో తిట్టినట్టు.

అలా నా జీవితంలో మొదటి స్టాండ్‌బై వచ్చింది. ఎన్నాళ్ళనుంచో నేను వెక్కిరించిన ఆ పడుకునే ఉద్యోగం.

మా ఇంట్లో ఫోన్ సిగ్నల్ వెనకగోడ దగ్గర తప్ప దొరకదు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు తొడుక్కుని, ఆ గోడ పక్కన స్టూలు మీద కూర్చున్నాను. పడుకుందామంటే మోగుతుందేమోనని భయం. ఒడ్డుకు చేపల బేరానికి పోదామంటే భయం. స్నానాల గది తలుపు తీసే ఉంచాను. అన్నం తింటుంటే మోగినట్టనిపించి రెండుసార్లు లేచాను. మోగలేదు. మధ్యాహ్నానికి బొగ్గులారీ తోలినట్టు నడుం నొప్పి పట్టుకుంది.

మా ఆవిడ చాలాసేపు చూసింది. "ఏటి, గోడకి కాపలా కాత్తన్నావా?"

"ఉద్యోగం సేత్తన్నాను."

"కూకోడమా?"

"కూకుంటే జీతవిత్తారు."

ఆమె చేట కింద పెట్టింది. "నీ కోసం, నీ బండి ఎప్పుడొత్తాదో అని, అన్నం ఏడి సెయ్యాలా వద్దా అని నానెన్నేళ్ళు కూకున్నాను? మరి నాకెవుడిత్తాడు?"

నేను లేచి, స్టూలు ఆమెవైపు జరిపి, చేట చేతిలోకి తీసుకున్నాను.

సాయంత్రం ఫోన్ మోగింది. ఎత్తితే మా గోదావరి బావ. "ఏం లేదండి, మోగుతుందో లేదో చూద్దామని. ఆయ్, స్లాబు కారలేదండి, నీళ్ళు కట్టాం" అన్నాడు.

ఆ తర్వాత మేడమ్ పరీక్ష నెగ్గి కెప్టెన్ అయింది. ఆ ఆలస్యం గురించి ఆమెను అడిగారట, ఉన్నదున్నట్టు చెప్పిందట. అప్పట్నుంచి మా వ్యానులో ఒక ఆచారం పడింది. ఏ పైలటైనా సరే, కాలు లోపల పెట్టే ముందు డ్రైవరును "పడుకున్నారా?" అని అడగాలి. ఎవరు మొదలుపెట్టారో చెప్పక్కర్లేదు. మొదట్లో నాకది అవమానంలా ఉండేది, తాగావా అని అడిగినట్టు. తర్వాత్తర్వాత భోంచేశావా అన్నట్టు వినిపించడం మొదలైంది. నేను పని మానేసిన రోజున కూడా ఆమె అదే అడిగి ఎక్కింది. దిగేటప్పుడు, "రేపట్నుంచి ఎంతసేపైనా పడుకోండి బాబాయ్" అంది.

పడుకుంటున్నాను. నిద్ర పట్టడం వేరే సంగతి.

మొన్న మా బావ ఇంటికి సబ్బవరం బయల్దేరి పెద్దాటో ఎక్కబోయాను. డ్రైవరు కుర్రాడు కాదు, పెద్దవాడు కాదు, మధ్యవాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కాలు లోపల పెట్టబోయి ఆగాను, నోటికొచ్చేసింది: "పడుకున్నావా బావా?"

అనుమానంగా చూశాడు. "ఏటి మావా, ఏటి కావాలి నీకు? సీటు ముందరా, ఎనకా?"

"సీటు కాదు. పడుకున్నావా అని అడుగుతన్నాను."

వెనక ఉన్నవాళ్ళు పోనీ పోనీ అంటున్నారు. అతను స్టీరింగు మీంచి చేతులు తీసి కళ్ళు నులుముకున్నాడు.

"లేదు మావా" అన్నాడు.

పక్కనే టీకొట్టు. దింపాను. మొహం మీద నీళ్ళు కొట్టుకోమన్నాను, కోడి కథ చెప్పాను, ఒక్కసారే. జనం లోపలినుంచి ఇద్దర్నీ కలిపి తిట్టారు. తిట్టనిచ్చాను. ఆటో ఒక టీ ఆలస్యంగా కదిలింది.